పన్నీటి దేశానికి మూడుసార్లు

ఈ ఉదయం హోసూరులో మా వంటింటి కిటికీ దగ్గర కాఫీ తాగుతూ ఫోను చూస్తుంటే, ఇరాన్‌కు ప్రయాణాలు మానుకోవాలని ప్రభుత్వం మళ్ళీ హెచ్చరించినట్టు వార్త కనిపించింది. రెండుసార్లు చదివాను. నిజం చెప్పాలంటే, చదువుతుంటే కడుపులో కాస్త చల్లగా అనిపించింది. ఒక దేశం కష్టంలో ఉందని తెలిసి సంతోషించే మనిషిని కాను నేను. కాని ఆ దేశానికి మా తోడికోడలు సరదాగా మూడుసార్లు వెళ్ళి వచ్చింది. నేను ఒక్కసారి కూడా వెళ్ళలేదు.

ఆమె నాకంటే ఏడేళ్ళు చిన్నది. తళి దగ్గర ఆమె, మా మరిది ప్లాస్టిక్ పైకప్పు వేసిన పాలీహౌసుల్లో గులాబీలు పెంచుతారు. ఎనిమిదో తరగతితో చదువు ఆపేసింది. నేనేమో తెలుగు బడిలో ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పి రిటైరైనదాన్ని. గోడకు ప్రపంచ పటం తగిలించి, ఇరాన్ పీఠభూమి ఎక్కడుందో బెత్తంతో చూపించి చూపించి ఆ చోట కాగితం చిల్లు పడింది. నా సొంత ప్రయాణాలంటారా, తిరుపతి, మదురై, ఒక్కసారి కాశీ. అలాంటిది, బెంగళూరులో పూల వ్యాపారం చేసే స్నేహితురాలితో కలిసి ఇరాన్‌లో గులాబీలతో పన్నీరు కాచడం చూడ్డానికి వెళ్తున్నానని ఈమె చెప్పినప్పుడు నేను నవ్వాననే గుర్తు. అప్పటికే, అవసరమైతే తప్ప వెళ్ళవద్దని ప్రభుత్వ సూచన ఉంది. అది గుర్తుచేశాను.

"నాకు అవసరమేక్కా. ఇన్నేండ్లు గులాబీలు పెంచినాను. ఎప్పుడైనా ఒకదాన్ని ఊరికే నిలబడి చూసినానా?" అంది.

వెళ్ళి వచ్చింది. ఆ తర్వాత గురుబరపల్లిలో చుట్టాల ఇంట నిశ్చితార్థం. పెళ్ళికూతుర్ని వదిలేసి ఆడవాళ్ళంతా ఈమె చుట్టూ చేరారు. బానల్లాంటి రాగి పాత్రల్లో పూలు పోసి కాచడం, చక్కెర పలుకు పంటికింద పెట్టుకుని టీ తాగడం, తలకు గుడ్డ కట్టుకుని తిరగడం, మన బ్యాంకు కార్డు అక్కడ ఎందుకూ పనికిరాకపోవడం, ఒక్కొక్కటే తీరిగ్గా చెబుతోంది. పాయసం గ్లాసు పట్టుకుని పక్కన నిలబడ్డ నేను ఉండబట్టలేక, "అది ఎడారి కదా, ఆడ గులాబీలు యాడివి?" అన్నాను, క్లాసులో అడిగినట్టే.

"ఎడారి పక్కన కొండలుండాయక్కా. ఆడ చలి మన తళి మాదిరే."

అందరూ తలలూపారు. ఆ రోజు పాయసంలో తీపి ఉందో లేదో కూడా నాకు తెలియదు.

మరుసటి ఏడాది ఆమె మళ్ళీ ప్రయాణం కట్టింది. ఈసారి హెచ్చరిక ఇంకా గట్టిగా ఉంది. ఆమె మీద ఉన్న బెంగ వల్లే అని నాకు నేను చెప్పుకుని, ఆ హెచ్చరికను కుటుంబం ఫోన్ గ్రూపులో పెట్టాను. ఎవరూ పలకకపోతే మళ్ళీ పెట్టాను. అత్తిముగంలో ఉండే మా అత్తగారికి ఫోను చేసి చదివి వినిపించాను కూడా. ఆమె అంతా విని, "పోనీ లేమ్మా, పోయినసారి తెచ్చిన పన్నీరు అయిపోయింది. ఇంకో సీసా తెమ్మని చెప్పు" అంది. ఆ కబురు చేరవేయాల్సిన పని కూడా నా మీదే పడింది.

మూడోసారి టిక్కెట్టు కొనకముందే ఆమె హోసూరు వచ్చింది. నా మంచం మీద కూర్చుని, "ఈసారి నువ్వు రాక్కా. పిల్లోళ్ళకి చెప్పిందంతా కండ్లారా చూద్దువు" అంది. ఆ మంచానికి ఎదురుగా ఉన్న బీరువాలో, పట్టుచీరల కింద, ఎవరికీ చెప్పకుండా నేను తీయించుకున్న పాస్‌పోర్టు ఉంది. "గవర్నమెంటు వద్దంటే నేనెట్ల వస్తాను? పెన్షన్ తీసుకునేదాన్ని" అన్నాను. ఆమె ఇంకోసారి అడిగింది. మూడోసారి అడిగితే ఒప్పుకునేదాన్ని. అడగలేదు.

అక్కడినుంచి ఒక వీడియో పంపింది. పూలరాశి మధ్య కూర్చున్న ముసలామె వాళ్ళ భాషలో ఏదో అంటోంది, మా తోడికోడలు తెలుగులో జవాబిస్తోంది, ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు. దాన్ని ఎన్నిసార్లు చూశానో చెబితే నవ్వుతారు.

తర్వాత రెండు రోజులకు అక్కడ యుద్ధం మొదలైంది. విమానాలు ఆగిపోయాయి. నాలుగు రోజులు ఆమె ఫోను కలవలేదు. మా మరిది తళి నుంచి వచ్చి మా ముందుగదిలో కూర్చుని, ఇచ్చిన కాఫీ తాగకుండా, "నువ్వు పోయింటే దానికి మన మనిషి తోడుండేది వదినా" అన్నాడు. నన్ను తప్పుపట్టాలని కాదు, దిక్కుతోచక అన్నాడు. నేను పోకపోవడమే మంచిదైందని అంతకుముందే ఒక క్షణం అనుకున్నదాన్ని, ఆ మాటకు తల ఎత్తలేకపోయాను. గ్రూపులో పెట్టిన హెచ్చరికలన్నీ చెరిపేద్దామని చూశాను. కుదరలేదు.

ఐదో రోజు ఫోను వచ్చింది. మన ఎంబసీ వాళ్ళు బస్సులో ఉత్తరం సరిహద్దు దాటించారట. విమానంలో బెంగళూరు చేరి, అక్కడినుంచి వచ్చి హోసూరు బస్టాండులో దిగినప్పుడు ఆమె కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి, చేతిలో చిన్న సంచి తప్ప ఏమీ లేదు. గట్టిగా పట్టుకున్నాను. కాసేపటికి తేరుకుని, "నువ్వు వచ్చింటే బాగుండునక్కా" అంది. భయం గురించి చెబుతుందనుకున్నాను. "తెల్లారేటప్పటికి బస్సులోంచి ఒక కొండ చూసినాను. నెత్తినిండా మంచు, ఒంటరిగా నిలబడుండాది. ఏడుస్తా ఉన్నోళ్ళంతా ఏడుపు ఆపి దాన్నే చూసినారు. దాని పేరు నీకు తెలిసుంటుంది."

తెలుసు. అరారత్. ప్రాణాలు అరచేత పట్టుకుని వస్తూ కూడా ఈమె నేను చూడనిదాన్ని చూసి వచ్చింది. "తెలీదు" అన్నాను.

ఆ మాట చాలా రోజులు నన్ను తొలిచింది. పోయిన నెల తళికి వెళ్ళినప్పుడు, ఆమె గులాబీ కొమ్మలు కత్తిరిస్తుంటే పక్కన నిలబడి చెప్పేశాను. "ఆ కొండ పేరు అరారత్. ఆ పొద్దే తెలుసు. చెప్పలేదు."

"నాకూ తెలుసక్కా. బస్సు డ్రైవరు నాలుగుసార్లు చెప్పినాడు. నీ నోట విందామని అడిగినాను" అంది, కత్తెర ఆపకుండా.

అది విన్నాక కూడా నా అసూయ పోలేదు. పోవడానికి ఇంకా కొన్నేళ్ళు పడుతుందేమో. ఆ కొన్నేళ్ళు మా ఇద్దరికీ ఉంటే చాలు.