అరుణక్క ఘాటు దిగింది

రుద్రారంలో హాస్టళ్ళకు ఎదురుగా అరుణక్క టిఫిన్ సెంటర్, దాన్ని ఆనుకుని నా మొబైల్ రిపేరు డబ్బా. నాకు కోపం కొంచెం ఎక్కువే. ఫోను నీళ్ళల్లో పడేసి, పడలేదని ఒట్టు పెట్టే పిల్లల్ని చూస్తే ఇంకా ఎక్కువవుతుంది. అరుణక్క మీద మాత్రం అది నిలవదు. పెనం మీద దోసె తిప్పుతూ, తల ఎత్తకుండానే, ముంబై రోడ్డు మీద పోయే లారీ లోడుతో ఉందో ఖాళీగా ఉందో చప్పుడు విని చెప్పే మనిషి ఆమె.

భర్త లింగం బావ లారీ డ్రైవరు. బండి సొంతమే. ఇంటికొచ్చాడంటే కొండ మీది ఘాటు రోడ్డు కథలు మొదలు. వానలో మలుపులు ఎట్లా తిప్పాడో, బ్రేకు వేడెక్కకుండా బండిని కిందికి ఎట్లా దింపాడో చెబుతుంటే అన్నం చల్లారిపోతుంది. పెళ్ళైన కొత్తలో అరుణక్క, ఒక్కసారి నేను తోలి చూస్తనని అడిగిందట. ఇడ్లీలు దింపినంత అల్కగాదని ఆయన పడీపడీ నవ్వాడట. ఆ సంగతి నాకు చెప్పేటప్పుడు ఆమె పెనం గీకిన గీకుడు చూసి నేను నా డబ్బాలోకి జారుకున్నాను.

కిందటేడు చదువైపోయి ఊరెళ్తున్న రాకీ అనే హాస్టల్ కుర్రాడు తన కంప్యూటర్‌ని, ఆటలకు వాడే స్టీరింగునీ పెడళ్ళనీ అమ్మకానికి పెడితే, కొన్నది అరుణక్క. తన పిల్లల చదువుకనుకున్నారందరూ. కాదు, లారీలు తోలే ఆట కోసం. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక వెనక గదిలో స్టీరింగు పట్టుకుని కూర్చునేది. ఒకరోజు నవ్వుదామనే పోయాను. రెండు గోడల మధ్యకు పొడవాటి ట్రెయిలర్‌ని ఒక్క పట్టున రివర్సులో తెచ్చి నిలబెట్టింది. పట్టపగలు నా కళ్ళను నేనే నమ్మలేకపోయాను. వచ్చి రిపేరు బల్ల ముందు కూర్చున్నా చాలాసేపు చెయ్యి ఆడలేదు.

చిక్కంతా ఘాటు దగ్గరే. ఆటలో వాన మొదలవగానే తెరమీది బొమ్మ మలుపులో ఆగిపోయేది. మళ్ళీ కదిలేసరికి లారీ లోయలో ఉండేది. దసరాకు లింగం బావ వస్తాడు. ఆయన పక్కన కూర్చుని చూస్తుండగా వానలో ఘాటు దిగాలి, ఆయన నవ్వకూడదు. అంతే ఆమె కోరిక.

కంప్యూటర్లో ఏది మార్చాలి? దోసెల కోసం వచ్చే పిల్లలంతా పెద్ద గ్రాఫిక్స్ కార్డు వేయమన్నారు, రంగురంగుల లైట్లున్నది. నాకు ఒళ్ళు మండింది. ప్రాసెసర్ అంటే ముందర నిలబడి ఎవరికేం కావాలో లోపలికి చెప్పే మనిషి, కార్డు అంటే లోపల దోసెలు పోసే చేతులు అని ఆమెకు వివరించాను. చెప్పే మనిషి నత్తనడక నడిస్తే ఎన్ని చేతులుండి ఏం లాభం? అరుణక్క అట్లకాడ పక్కన పెట్టి, "మరి నా దాంట్ల ఎవరు ఎనకబడుతున్నరు తమ్మీ?" అంది.

ఎవరి మీద ఎంత భారం పడుతోందో తెరమీద కనబడేట్టు పెట్టి ఆమెతో ఘాటు మీద తోలించాను. మామూలు రోడ్డు మీదనే ప్రాసెసర్ ఉక్కిరిబిక్కిరవుతోంది, కార్డు సగం ఖాళీగా కూర్చుంది. వాన పడగానే కార్డు కూడా చేతులెత్తేసింది. అందుకని పాత మదర్‌బోర్డు ఒప్పుకునేంతలో మంచి ప్రాసెసర్, దానికి జోడుగా మధ్యరకం కార్డు అనుకున్నాం. పెద్ద కార్డు ఆ పెట్టెలో పట్టదు, దానికి కరెంటిచ్చే సప్లై కూడా చాలదు.

సికింద్రాబాద్ దుకాణంలో ప్రాసెసర్‌ని అరచేతిలో పెట్టుకుని ఆమె అట్లానే నిలబడిపోయింది. బిస్కెట్టంత లేదు. కొండలూ వానా లారీలూ అన్నిటి లెక్కా దీంట్లోనేనా అని అడిగింది. కంటికి కనబడని స్విచ్చులు లోపల కోట్లకొద్దీ ఉంటాయని చెప్పాను. ఎన్నో కంప్యూటర్లు విప్పినవాణ్ణి, ఆ మాట పైకి అన్నాక నేనూ దాన్ని ఇంకోసారి తిప్పి చూశాను.

ప్రాసెసర్ పండుగ ముందురోజే బిగించాను. కార్డు మాత్రం ఆయుధ పూజ కాందే పెట్టనివ్వనంది. సరే, కార్డు వచ్చిన డబ్బా మీద బొట్టు పెట్టుకొమ్మని చెప్పి, బయట లింగం బావకు బంతిపూల దండలు కట్టడంలో సాయం చేశాను. లారీ మెరిసిపోతోంది. చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టాడు. తిరిగొచ్చేసరికి కార్డు తొడుగులోనే ఉంది. తొందరలో చూడకుండానే తీసి బిగించేశాను.

లింగం బావ వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. అరుణక్క స్టీరింగు పట్టుకుంది. స్విచ్చి వేశాను. ఫ్యాన్లు తిరిగాయి, తెర మాత్రం నల్లగానే ఉంది. మళ్ళీ వేసినా అంతే. బావ మీసాల కింద నవ్వు మొదలవుతోంది. అరుణక్క మొహం పాలిపోయింది. నేను దుకాణంవాణ్ణి నోటికొచ్చినట్టు తిడుతూ కార్డు పీకాను. బోర్డులోకి దిగే బంగారు అంచు నిండా పసుపు, దాని మీద వరసగా కుంకుమ బొట్లు.

డబ్బాకు పెట్టమంటే ఇదేమిటని అరిచాను.

"డబ్బకు మొక్కుతమా తమ్మీ? మీ బావ లారీకి పరదా కప్పి మొక్కిండా?" అంది అరుణక్క. తర్వాత గొంతు తగ్గించి, "బంగారం లెక్క మెరుస్తుంటే ఆడనే పెట్టబుద్ధయింది. కాలిపోయిందా?" అని అడిగింది.

ఆ గొంతు విన్నాక నా కోపం ఎటు పోయిందో తెలియదు. నా రిపేరు డబ్బాలోంచి స్పిరిటు, బ్రష్షు తెచ్చాను. పసుపు రేణువు కూడా మిగలకుండా తుడిచాను. ఆరాక కార్డును మళ్ళీ బిగించాను. మళ్ళీ స్విచ్చి వేశాను.

తెర వెలిగింది.

వాన. అద్దం మీద చినుకు చినుకూ విడివిడిగా జారుతోంది. తడి రోడ్డు మీద ముందు బండి ఎర్రలైటు వణుకుతోంది. ఎక్కడా ఆగడం లేదు. ఇంత అందం ఆ రేకు పెట్టెలో ఎక్కడ దాక్కుందో నాకు అంతుపట్టలేదు. అరుణక్కకు అదేమీ పట్టలేదు, ఆమె చూపంతా మలుపు మీద. గేరు దించి, బండి బరువును ఇంజను మీదే ఆపుకుంటూ దిగుతోంది.

స్టూలు మీద గోడకు వాలిన బావ ముందుకు జరిగాడు. సెకండ్ గేరుల పెట్టుమని అన్నాడు. అప్పటికే పెట్టింది. పెద్ద మలుపు రాగానే ఆయన కుడికాలు గచ్చును గట్టిగా నొక్కింది, అక్కడ బ్రేకు ఉన్నట్టు. ఆయనకు ఆ సంగతి తెలియదు. కిందికి దిగేదాకా ఆ కాలు నొక్కుతూనే ఉంది.

ఘాటు అయిపోయింది. బావ లేచి బయటికి పోయాడు. స్టీరింగు మీది చేతులు తీయకుండా అరుణక్క నావైపు చూసింది. 

బయట హారను మోగింది. పోయి చూస్తే డ్రైవరు వైపు తలుపు తెరిచి ఉంది, బావ కింద తాళంచెవి పట్టుకుని నిలబడ్డాడు.

"నిమ్మకాయల మీదికెల్లి నువ్వే తోలు," అన్నాడు.

అరుణక్క చేతులు కొంగుకు తుడుచుకుని, తాళంచెవి తీసుకుని ఎక్కింది. బావ అటు తిరిగి వెళ్ళి క్లీనర్ సీట్లో కూర్చున్నాడు. ఇంజను మోగింది. ఆయన వైపు తెరిచి ఉన్న తలుపులోంచి నేను ఆయన కాళ్ళకేసే చూస్తున్నాను. లారీ కదిలి, నిమ్మకాయలు చితికాయి. ఈసారి ఆయన కుడికాలు కదలలేదు.