మామ వెనకాల వచ్చిన చప్పుడు

నేను దయ్యాలను నమ్మను. నమ్మడానికి కుదరదు కూడా. బాగేపల్లి బస్టాండు చుట్టూ తిరిగే దయ్యాల్లో సగం నేను తయారు చేసినవే. టీ బంకులో కూర్చుని పిల్లిని పులిని చేస్తాను, పులికి జడ వేస్తాను, ఆ జడలో కనకాంబరాలు పెడతాను. కాబట్టి ఇప్పుడు రాసేది ఎవరూ నమ్మరని ముందే తెలుసు. ఈ ఒక్కసారికి మాత్రం ఉప్పు కూడా వేయకుండా వడ్డిస్తున్నాను.

మా మామ, అంటే అమ్మ తమ్ముడు, వాయుసేనలో విమానం నడిపేవాడు. బాంబులు వేసేది కాదు. శబ్దం కంటే వేగంగా, ఎవరికీ అందనంత ఎత్తున పోతూ, కింద శత్రువు నేలను ఫొటోలు తీసుకుని వచ్చే విమానం. పట్టపగలే ఆకాశం నల్లగా కనిపించేంత ఎత్తట.

ఒకసారి అక్కడ ఇంజన్లు రెండూ ఆరిపోయాయి. నేను చెప్పే కథలో మామ రెక్క మీద నడిచి వెళ్ళి, ఇంజనును చెంపదెబ్బ కొట్టి లేపుతాడు. ఆయన చెప్పేది చిన్నది. విమానం రాయిలా దిగింది, బాగా కిందికి వచ్చాక ఒక ఇంజను అంటుకుంది, బతికాడు. అంతే. ఆ మధ్యలో ఆక్సిజన్ ముసుగులో తన ఊపిరి తప్ప ఏమీ వినపడలేదట.

నా కథ విని నవ్వేవాడు. “నువ్వు చెప్పేది బాగుండాది అల్లుడా. నేనుండింది అంత బాగలేదు.”

ఆ నిశ్శబ్దం ఆయన్ను వదల్లేదు. రిటైరై సాదలిలో ఒంటరిగా ఉంటూ పట్టుపురుగులు పెంచాడు. ఊళ్ళో అందరూ పట్టు గూళ్ళ కోసం పెంచుతారు, మామ చప్పుడు కోసం పెంచాడు. వేల పురుగులు కలిసి మల్బరీ ఆకు మేస్తుంటే రేకుల మీద వాన పడినట్టు ఉంటుంది. ఆ వానలోనే ఆయనకు నిద్ర.

ఇబ్బందల్లా పురుగులకు జ్వరం వచ్చినప్పుడే. రోగం కాదు. పొర విడిచే ముందు మేత మాని, తల పైకెత్తి కదలకుండా ఉంటాయి. దాన్నే మా వైపు జ్వరం అంటారు. అప్పుడు ఆకు వేయరు. పురుగుల షెడ్డు మూగబోతుంది. వెంటనే నాకు ఫోన్ వచ్చేది.

“జ్వరం పడినాయిరా. యాడుండావు? వచ్చి ఏదన్నా అబద్ధం చెబుదువు గాని.”

పోయేవాణ్ణి. పురుగులు లేచేదాకా వాగేవాణ్ణి. లోకంలో నా నోటితో పని పడిన మనిషి ఆయనొక్కడే. నాకూ ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు లేరు.

శబ్దం కంటే వేగంగా పోతే ఎలా ఉంటుందని ఒకసారి అడిగాను. “నీ చప్పుడు నీ ఎనకాల వస్తాది. నువ్వు దాటిపోయినాక కిందుండే వాళ్ళకు వినపడతాది. నీకు వినపడదు” అన్నాడు.

పోయిన ఏడాది చిక్కబళ్ళాపురం ఆసుపత్రిలో మామ పోయాడు. గుండె. షెడ్డులో పురుగులు సగం ఎదిగి ఉన్నాయి. పారేయడానికి మనసొప్పక నేనే వెళ్ళి ఉన్నాను. పక్క తోట లక్ష్మమ్మ ఆకు కోసిచ్చేది.

చివరి జ్వరం వచ్చింది. ఆకు ఆపేశాం. మధ్యాహ్నం షెడ్డులో ఒక్కణ్ణే ఉన్నాను. అలవాటుగా నోరు తెరిచాను. ఎవరికి చెప్పాలో తెలియలేదు. నా ఊపిరి నాకే వినపడింది. మామ ఇన్నేళ్ళూ ఏం మోశాడో అప్పుడు కొంచెం తెలిసింది.

అప్పుడు పైన ఉరిమింది. ఒకటే దెబ్బ. రేకులు అదిరాయి, పురుగుల తట్టలు వణికాయి. బయటికి పరుగెత్తాను. మబ్బు తునక లేదు. బెంగళూరు దిక్కున విమానాలు అప్పుడప్పుడు అలా ఉరుముతాయి, కాదనను. కానీ ఎదురుగా ఆకు కోస్తున్న లక్ష్మమ్మ తలైనా ఎత్తలేదు.

“ఏం ఉరుమప్పా? ఎండకు మతి గాని చెడిందా?” అంది. అంతలో తనే చెవి రిక్కించింది. “జ్వరం లేసినాయి గదప్పా! మేస్తాండాయి. ఆకెప్పుడు వేస్తివి?”

నాకూ వినపడింది. షెడ్డు నిండా వాన.

ఇద్దరం లోపలికి పోయాం. తట్టల్లో ఒక్క ఆకు లేదు. పురుగులన్నీ తలలెత్తి బిగుసుకుని ఉన్నాయి. ఒక్క నోరూ కదలడం లేదు. చప్పుడు మాత్రం అలాగే ఉంది.

లక్ష్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఎవురికీ చెప్పొద్దప్పా” అని, మళ్ళీ తనే, “నువ్వు చెప్పినా ఎవురు నమ్ముతార్లే” అంటూ వెళ్ళిపోయింది.

నేను మామ మంచం మీద పడుకున్నాను. ఆయన పోయాక మొదటిసారి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. లేచేసరికి పొద్దు గుంకింది, వాన ఆగింది. మరునాడు పురుగులు మామూలుగానే లేచి ఆకు మేశాయి.

టీ బంకులో ఉన్నదున్నట్టు చెప్పాను. “పురుగులకు జడ వేయలేదాన్నా?” అని ఒకడు అడిగాడు. అందరూ నవ్వారు. లక్ష్మమ్మను అడగమన్నాను. అడిగితే ఆమె, “నాకేం తెలీదప్పా” అందట.

కారణం నాకిప్పటికీ తెలియదు. పురుగులు మాత్రం పెంచుతూనే ఉన్నాను. ఆ చప్పుడు మళ్ళీ రాలేదు. అయినా జ్వరం పడిన ప్రతిసారీ షెడ్డులో కూర్చుని గట్టిగా అబద్ధాలు చెబుతాను. కిందుండే వాళ్ళ చప్పుడు పైకి వినపడుతుందా అని మామను అడగడం మరిచిపోయాను.