ఖాలా పెట్టిన సగం ఖర్జూరం

మొన్న శుక్రవారం మా చెల్లెలి కూతురు నన్ను తన కారులో, తానే నడుపుకుంటూ, రియాద్‌లోని మలాజ్‌కు తీసుకెళ్ళి ఒక హోటల్లో భోజనం పెట్టించింది. తనూ ఒకప్పటి నాలాగే ఇక్కడ నర్సు, నేను విజిట్ వీసా మీద వచ్చి రెండు నెలలుగా తన దగ్గరే ఉంటున్నాను. తనతో పనిచేసే అమ్మాయిలు మరో నలుగురు వచ్చారు. కింద పరుపుల మీద కూర్చోబెట్టి, మధ్యలో ప్లాస్టిక్ గుడ్డ పరిచి, బండి చక్రమంత పళ్ళెంలో అన్నం, దాని మీద గొర్రెమాంసం తెచ్చి పెట్టారు. పిల్లలంతా ఆ పళ్ళెం చుట్టూ చేరుతుంటే మా అమ్మాయి వెయిటరుకు హిందీలో చెప్పి నాకు వేరే ప్లేటు తెప్పించింది. "మా పెద్దమ్మకు ఎంగిలి పడదే, చచ్చినా ముట్టదు" అని స్నేహితురాళ్ళకు గొప్పగా చెప్పుకుంది. ఆ వేరే ప్లేటును చూడగానే నాకు రోత పుట్టింది. అన్నం చూసి కాదు, నన్ను నేను చూసుకుని.

ఆ హోటలుకు నాలుగు వీధుల అవతల, ఇప్పుడు ఫోన్ల దుకాణాలున్న చోట, ఆ రోజుల్లో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రి ఉండేది. పాతికేళ్ళ వయసులో గుంటూరు జిల్లా నుంచి వచ్చి నేను అందులోనే చేరాను. మీలో ఆ కాలంలో గల్ఫుకు వచ్చిన నర్సమ్మలుంటే నేను చెప్పకముందే మీకు గుర్తొస్తుంది, పాస్‌పోర్టు ఆఫీసు బీరువాలో, మనం క్వార్టర్సులో, బయటికి అడుగుపెడితే ఒళ్ళంతా కప్పే నల్ల అబాయా, నమాజు వేళకు దడదడా దించేసే దుకాణాల షట్టర్లు. నాకు ఈ దేశంలో అన్నీ రోతగానే ఉండేవి. దుమ్ము లేచిందంటే పళ్ళ కింద ఇసుక కరకరలాడేది, వార్డంతా గొర్రె కొవ్వు వాసన, ఫ్లాస్కుల కొద్దీ చేదు కాఫీ, ఒక్క రోగిని చూడడానికి పాతికమంది చుట్టాలు. వాటన్నిటినీ ఓర్చుకున్నాను గానీ, ఒకే పళ్ళెంలో పదిమంది చేతులు పెట్టి తినడం మాత్రం ఓర్చుకోలేకపోయాను. వేళ్ళు నాకిన చేత్తోనే మళ్ళీ అన్నం కలిపి, మంచి ముక్క చూసి పక్కవాళ్ళ ముందుకు తోస్తుంటే నాకు ఒళ్ళంతా జలదరించేది. క్వార్టర్సుకు వెళ్ళి మా వాళ్ళందరి ముందూ అభినయించి చూపించేదాన్ని, అందరం పొట్ట చేత్తో పట్టుకుని నవ్వుకునేవాళ్ళం.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మా నాయనమ్మకు మా ఊరి కాఫీ హోటల్లో చూరులో దోపిన వేరే గ్లాసు ఉండేదట. తాగి, తానే కడిగి, మళ్ళీ అక్కడే దోపి రావాలి. ఆ సంగతి చెబుతూ మా నాన్న కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. ఆ గ్లాసు కడిగిన మనిషి మనవరాలినై ఉండి, సముద్రం దాటి వచ్చి, నన్ను తమ పక్కన కూర్చోమన్న వాళ్ళను చూసి నేను ముక్కు విరిచాను. ఇంతకంటే సిగ్గుమాలిన పని నా జీవితంలో ఇంకోటి లేదు.

మా వార్డులో చక్కెర జబ్బుతో ఒక ముసలావిడ చేరింది. ఎడారి పల్లెల వైపు మనిషి, గడ్డం మీద పచ్చబొట్టు చుక్కలు, నవ్వితే రెండే పళ్ళు. ఆవిడను అందరూ ఖాలా అని పిలిచేవారు, అంటే పిన్ని అని. రోజూ మధ్యాహ్నం కూతురు ఇంటి నుంచి పళ్ళెం తెచ్చేది, తలుపు వేసి, ముసుగులు తీసి, అందరూ కింద కూర్చునేవారు. ఖాలా నన్ను చెయ్యి పట్టుకుని లాగేది. మా వార్డు ఊడ్చే కడప అక్క, ఆమె కూడా ముస్లిమే, హాయిగా ఆ పళ్ళెంలో తిని, తర్వాత నా దగ్గరికొచ్చి నంచుకోవడానికి నా ఆవకాయ అడిగి తీసుకునేది. నేను మాత్రం డ్యూటీ అనీ, కడుపునొప్పి అనీ రోజుకో సాకు చెప్పి తప్పించుకునేదాన్ని.

సాకులన్నీ అయిపోయిన రోజున, నాకొచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో, ఉపవాసం ఉన్నానని చెప్పాను. మా చర్చిలో అవి శ్రమల దినాలే, ఉపవాసం ఉండవలసిన రోజులే. నేను ఉండలేదు, అంతే. ఖాలా వెంటనే నా చెయ్యి వదిలేసింది, ముఖం వెలిగిపోయింది. ఎప్పుడు విడుస్తావని అడిగితే, మీలాగే పొద్దుగూకాక అనేసి బయటపడ్డాను. సరాసరి దుప్పట్లు పెట్టే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని పెరుగన్నం, ఆవకాయ తిన్నాను. తెలివిగా తప్పించుకున్నానని నాకు నేనే మెచ్చుకున్నాను కూడా.

సాయంత్రం ఆవిడకు ఇన్సులిన్ ఇచ్చింది నేనే. అరగంటలో తినాలని చెప్పి, ఇంకో గదిలో కొత్త రోగి వస్తే అటు పరుగెత్తాను. ఆ పని ముగిసేసరికి పొద్దుగూకాక ఇచ్చే మగ్రిబ్ అజాన్ అయిపోయి చాలాసేపయింది. నర్సుల గదిలో నిలబడి టీలో బిస్కెట్ ముంచుకుంటుండగా కడప అక్క రొప్పుతూ వచ్చింది.

"ఖాలాకు చెమట్లు పోస్తాండాయి, మాట ముద్దగా వస్తాంది, బిరీన రా పాపా" అని, నా చేతిలో బిస్కెట్ చూసి ఆగిపోయింది. "రోజా ఉండానని చెప్తివంట గదా. నువ్వు వచ్చి ఇడిస్తే గానీ తాను ముద్ద ముట్టనని ఆయమ్మ అప్పట్నుంచి నీ కోసరం కూచోనుంది."

నేను ఎలా పరుగెత్తానో నాకు తెలియదు. ఖాలా మంచం మీద ఒక పక్కకు ఒరిగి ఉంది, గౌను తడిసి ఒంటికి అంటుకుపోయింది, పిలిస్తే పలకడం లేదు. మంచం పక్కన బల్ల మీద ఖర్జూరాలు, మూత పెట్టిన మజ్జిగ గ్లాసు, కింద మూత తీయని అన్నం పళ్ళెం. ఉపవాసమున్న అతిథి రాకుండా తాను తినడం ఆ మనిషికి తెలియదు. ఆ అతిథి అబద్ధమాడుతుందనీ తెలియదు. మొదటిసారి ఆవిడ నరం దొరకలేదు. రెండోసారికి దొరికింది. గ్లూకోజు ఎక్కాక కళ్ళు తెరిచింది.

ఈజిప్టు డాక్టరు వచ్చి మండిపడ్డాడు. సూది వేశాక ఎందుకు తినలేదని ఖాలాను గద్దించాడు, కూతుర్ని గద్దించాడు. ఖాలా నా వైపు ఒకసారి చూసి, ఆకలి లేకపోయిందని చెప్పింది. నామీదకు మాట రాకూడదని అలా చెప్పింది. నేను చార్టులో, రోగి భోజనం నిరాకరించింది అని నీటైన అక్షరాలతో రాసి సంతకం పెట్టాను.

డాక్టరు వెళ్ళాక ఖాలా ఒక ఖర్జూరం తీసుకుంది. గింజ వేలితో తీసి, సగం కొరికి, మిగతా సగం నా నోట్లో పెట్టింది, నా ఉపవాసం విడిపించడానికి. నేను నవ్వాను. దాన్ని బుగ్గన పెట్టుకుని, తల వంచి దణ్ణం పెట్టి, బయటికి వచ్చి చేతులు కడుక్కునే తొట్టిలో ఉమ్మేశాను.

వెనక కడప అక్క బకెట్‌తో నిలబడి ఉంది. కుళాయి తిప్పి, నేను ఉమ్మినచోట నీళ్ళు పోసి కడిగింది. మర్నాడు నేనే ఆవకాయ సీసా తీసుకెళ్ళి ఇవ్వబోతే, "నాకొద్దులే పాపా" అంది. తర్వాత ఆ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ మళ్ళీ అడగలేదు. ఖాలా నాలుగో రోజున ఇంటికెళుతూ నన్ను భోజనానికి రమ్మని మరీమరీ చెప్పింది. నేను వెళ్ళలేదు.

ఇప్పుడు రియాద్ ఆ రియాద్ కాదు. ఆడపిల్లలు కార్లు నడుపుతున్నారు, నమాజు వేళ అయినా దుకాణాలు తెరిచే ఉంటున్నాయి, మా అమ్మాయి పనిచేసేచోట బయటి భోజనం రోగి గదిలోకి రానివ్వరట. పరిశుభ్రత పెరిగింది, నర్సుగా నేను కాదనను.

మొన్న హోటల్లో నేను ఆ వేరే ప్లేటు పక్కకు నెట్టి, జరిగి కూర్చుని, పెద్ద పళ్ళెంలో చెయ్యి పెట్టాను. మా అమ్మాయి నా ముఖం కేసి విడ్డూరంగా చూసింది. మిగతా పిల్లలు ఎంతో మర్యాదగా నా వైపు అన్నమంతా నాకే వదిలేసి తమ చేతులు అవతలికి తీసుకున్నారు. పెద్దదాన్ని కదా, నాకు ఎంగిలి తగలకూడదని. ఎవరైనా ఒక ముక్క నా ముందుకు తోస్తారేమోనని కాసేపు చూశాను. ఎవరూ తోయలేదు, అది వాళ్ళ తప్పు కాదు.

చివర్లో ఖర్జూరాలు పెట్టారు, ఒక్కొక్కటీ విడివిడిగా కాగితంలో చుట్టి. ఒకటి విప్పి తిన్నాను, బాగా తియ్యగా ఉంది. ఆ రోజు ఖాలా పెట్టిన సగం ఎలా ఉండేదో మాత్రం నేను చెప్పలేను. నోట్లో పెట్టించుకున్నాను గానీ నమలలేదు.