మిరప దుమ్ము తినని గొంతు

పదేళ్ళకు పైగా ఒక అబద్ధాన్ని మోశాను. మోశాను అనడం కూడా సరి కాదేమో. దానికి బాణీ కట్టి ఊరూరా పాడించాను. మోసినవాళ్ళు మిగతావాళ్ళు, అదేమిటో తెలియకుండా. మీరు నన్నెరగరు. అందుకే మీతో చెప్పడం కొంచెం తేలిక. అయినా ఈ మొదటి వాక్యాల దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

నాది గుంటూరులో మోటార్లకు వైండింగ్ చేసే చిన్న షాపు. మా నాన్న నాటకాలకు హార్మోనియం వాయించేవాడు. ఆయన పోయాక ఆ పెట్టె నా షాపులో ఒక మూల ఉండేది. ఒకసారి మోటారు బాగుచేయించుకోవడానికి వచ్చిన ఒక రిటైరైన టీచరు దాన్ని చూసి, ఒక్క పాట వాయించమన్నారు. విని, "ఆదివారం మా దగ్గరకు రా, నీతో పనుంది" అన్నారు. ఆయన్ను అందరూ మాస్టారనే పిలిచేవాళ్ళు. ఆయన నడిపేది పాటల బృందం. కౌలు రైతుల కోసం, నకిలీ విత్తనాల మీద, తాగునీళ్ళ కోసం, కూలి రేట్ల కోసం ఎక్కడ సభ జరిగినా వెళ్ళి పాడేవాళ్ళు.

జనం కోసం అందులో చేరానని చాలాకాలం చెప్పుకున్నాను. నిజం అది కాదు. నా పెట్టెను వినేవాళ్ళు దొరికారని చేరాను. పాటల్లోని మాటలు తర్వాత మెల్లగా నాలోకి వచ్చాయి. అసలు రాలేదంటే అదీ అబద్ధమే అవుతుంది.

నేను చేరిన కొన్నాళ్ళకు ఆమె వచ్చింది. పేరు మార్చి మస్తాన్బీ అని రాస్తున్నాను. కోల్డ్ స్టోరేజీ పక్కన షెడ్డులో మిరపకాయలకు తొడిమలు తీసే పని చేసేది. పాతికేళ్ళు ఉంటాయేమో. ఆమె పాడితే మైకు అవసరం ఉండేది కాదు. అంతకుముందు సగం పాటలు నేనే ఎత్తుకునేవాడిని. ఆమె వచ్చాక అన్నీ ఆమెకే వెళ్ళాయి. వెళ్ళాల్సిందే. ఆ సంగతి నాకు మొదటి రోజే తెలిసింది. తెలిసింది కాబట్టే లోపల అంత మంట పుట్టిందా? ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు.

పిడుగురాళ్ళ వైపు ఒక ఊళ్ళో కౌలు రైతుల సభ. ట్రాక్టరు ట్రక్కులో వెళుతున్నాం. డప్పు కొట్టే సాంబయ్య నన్ను చూసి నవ్వుతూ అన్నాడు.

"ఒరేయ్, ఈసారి నీ పెట్టె ఇంట్లోనే పెట్టి రారా. ఈ పిల్ల ఉత్త గొంతుతో సభంతా నడిపిద్ది."

"ఊరుకో బాబాయ్. అన్న శ్రుతి ఇవ్వకపోతే నాకు నోరే తెరుచుకోదు," అంది మస్తాన్బీ.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమె నన్ను వెనకేసుకొచ్చింది. నాకు మాత్రం సాంబయ్య మాటే చెవిలో ఉండిపోయింది.

ఆ ట్రక్కే మాకు స్టేజి. ఆమె ఎప్పుడూ నా పెట్టెలో శ్రుతి విని, అక్కడి నుంచే పాట ఎత్తుకునేది. ఏ శ్రుతిలో పాడాలో తను చూసుకునేది కాదు. నేను చూసుకుంటానని ఆమె నమ్మకం. ఆ రోజు ఎప్పుడూ పట్టే మెట్టు మీద కాకుండా రెండు మెట్లు పైన వేలు పెట్టి శ్రుతి పెంచాను. చెయ్యి జారలేదు. చూసుకునే పెట్టాను.

పల్లవి బాగానే పాడింది. చరణంలో పాట పైకి ఎక్కే చోట ఆమె గొంతు చీలిపోయింది. ఆగి మళ్ళీ ఎత్తుకుంది. మళ్ళీ చీలింది. ముందు వరసలో ఎవరో, "నీళ్ళు తాగి రామ్మా, మేం ఇక్కడే ఉంటాం," అన్నారు. జనం నవ్వారు. వేళ్ళు రెండు మెట్లు కిందకి దించి ఆమెకు మళ్ళీ శ్రుతి ఇస్తే సరిపోయేది. దించలేదు. వెనక వంత పాడేవాళ్ళు అరిచినట్టుగా పాడి ఎలాగో పాట ముగించారు.

ఇంతవరకే అయితే, ఏదో ఒక రోజు ఆమెతో చెప్పి తిట్లు తినేవాడినేమో. అసలు తప్పు ఆ తర్వాత జరిగింది. ట్రక్కు దిగాక ఆమె నా దగ్గరకు వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"అన్నా, నా గొంతుకి ఏమైంది? నీకు తెలుసుద్ది కదా, చెప్పు."

"ఏముందమ్మా. మిరప దుమ్ము పట్టేసింది. రోజంతా ఆ షెడ్డులో కూర్చుంటే గొంతు ఎన్నాళ్ళుంటది?"

"తగ్గుద్దా?"

"కష్టం," అన్నాను.

అంత తేలిగ్గా ఎలా అన్నాను? శ్రుతి పెంచింది ఒక్క పాట సేపు. ఆ ఒక్క మాట మాత్రం ఏళ్ళ తరబడి ఆమె ఇంట్లో కాపురం చేసింది.

ఆ ఆదివారం ఆమె రాలేదు. తర్వాత కూడా రాలేదు. మాస్టారు ఆమె ఇంటికి వెళ్ళి అడిగితే గొంతు పోయిందని చెప్పిందట. పెద్దాసుపత్రిలో చూపిస్తే డాక్టరు ఏమీ లేదన్నాడట. "డాక్టరుకేం తెలుసు మాస్టారూ, శ్రుతి తెలిసిన అన్న చెప్పాడు," అందట. మాస్టారు ఈ మాట నాతోనే చెప్పి, పాపం అని నిట్టూర్చారు. నేనూ పాపం అన్నాను. కొన్నాళ్ళకు ఆమె మిర్చి పని మానేసి, తాడేపల్లిలో ఉన్న అక్క దగ్గరకు వెళ్ళిపోయింది.

ఆ దిగులులో మాస్టారు ఒక పాట రాశారు. మిరప దుమ్ము తినేసిన గొంతు గురించి, ఆమె అసలు పేరుతోనే. బాణీ కట్టమని నాకే ఇచ్చారు. అప్పుడైనా చెప్పాల్సింది. కట్టాను. అంత మంచి బాణీ అంతకుముందు కట్టలేదు, ఆ తర్వాతా కట్టలేదు. ఆ పాటకు పల్లెల్లో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. కొన్ని షెడ్లలో పనివాళ్ళకు మాస్కులు ఇవ్వడం మొదలైందంటే అందులో ఆ పాట వాటా కూడా ఉంది. షెడ్లలో దగ్గు నిజం. కళ్ళ మంటలు నిజం. మంచి జరుగుతోంది కదా, కదపడం ఎందుకని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఆ మంచి వెనక నేను ఎంత హాయిగా దాక్కున్నానో తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది. ఆ పాట నిజమైన బాధ గురించే. ఆ పేరు ఒక్కటే అందులో అబద్ధం.

ఈమధ్య బృందంలో చేరిన ఒక కాలేజీ అమ్మాయి అడిగింది. "పాటలో ఉన్న ఆవిడ నిజంగా ఉన్నారా మాస్టారూ? ఆవిడను స్టేజి మీదకు పిలిచి శాలువా కప్పుదాం." అందరికీ నచ్చింది. ఆమె అన్నా అని పిలిచేది నన్నే కాబట్టి వెళ్ళి పిలిచే పని నాకే అప్పజెప్పారు. శాలువా కప్పించుకుని, పోని గొంతుకు జనం చప్పట్లు కొడుతుంటే ఆమె తల వంచుకుని నిలబడటం నా కళ్ళ ముందు కనిపించింది. ఇక కుదరలేదు.

తాడేపల్లి బస్సెక్కాను. చీరలకు ఫాల్ కుడుతూ గుమ్మంలో కూర్చుని ఉంది. నన్ను చూడగానే లేచి కుర్చీ వేసింది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. పెట్టె సంగతి, రెండు మెట్ల సంగతి, దుమ్ము అని చెప్పిన అబద్ధం, అన్నీ. దేన్నీ మెత్తగా చెప్పకూడదని దారిలోనే అనుకున్నాను.

ఆమె తిట్టలేదు. కుడుతున్న చీర ఒళ్ళో నుంచి తీసి పక్కన పెట్టింది.

"అయితే నా గొంతు పోలేదా?"

"పోలేదు."

"మరి ఇన్నేళ్ళూ నేనెందుకు పాడలేదు?"

నా జవాబు కోసం ఆగకుండానే చెప్పుకుపోయింది.

"మా అక్క కూతురి పెళ్ళిలో అందరూ పాడమన్నారు. గొంతు లేదు తల్లీ అన్నాను. పిల్ల అలిగింది." చీర మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. "శాలువా వద్దు, ఏమొద్దు. ఆ పాటలో నా పేరు తీసెయ్యండి. ఈ మాట అందరి ముందూ నువ్వే చెప్పు. ఇంక ఇక్కడికి రాకు అన్నా."

క్షమించమని అడగలేదు. అడిగితే ఆమెకు ఇంకో పని పెట్టినట్టు అయ్యేది.

ఆదివారం అందరి ముందూ చెప్పాను. మాస్టారికి ఎనభై దాటాయి, చెవి సరిగా వినపడదు. రెండోసారి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. మొదటిసారి కంటే రెండోసారి గొంతు బాగా వచ్చింది. ఆయన నా వైపు చూడలేదు. పాట కాగితం అడిగి తీసుకుని ఆమె పేరున్న చరణం కొట్టేశారు. సాంబయ్య మాత్రం, "నేను నవ్వులాటకు అన్నానురా. దానికి ఆ పిల్లను చంపుకుతిన్నావా," అన్నాడు. మిగిలిన పాటను ఉంచాలని అనుకున్నారు. నన్ను మాత్రం పెట్టె ముట్టుకోవద్దన్నారు. కాలేజీ అమ్మాయి నేర్చుకుంటోంది. బృందం నుంచి పొమ్మనలేదు, ఉండమనీ అనలేదు. వెనక వరసలో నిలబడి పల్లవి అందుకుంటున్నాను. పక్కవాళ్ళు నాతో ఎక్కువ మాట్లాడరు.

అయినా, మీకు చెప్పడానికేం, ఇన్నేళ్ళ తర్వాత ఛాతీ నిండా ఊపిరి తీసుకుని పాడుతున్నాను. ఇంత ఊరట నాకు దక్కవచ్చా? దక్కకూడదేమో. కానీ దక్కింది. అదీ దాచడం ఇష్టం లేక రాస్తున్నాను.

ఆ పాట మేం చాలా ఊళ్ళలో పాడాం. ఎవరెవరు విన్నారో నాకు తెలియదు. ప్రతి ఊరికీ వెళ్ళి చెప్పలేను. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ పాటలో ఒక పేరు విని ఆమె కోసం మీరు బాధపడి ఉంటే ఇది తెలుసుకోండి. ఆమె గొంతుకు ఏమీ కాలేదు. అప్పుడూ బాగానే ఉంది. పాడకుండా చేసింది నేను.

ఇది ఆ రోజు ట్రక్కు పక్కన ఆమె అడిగినప్పుడు చెప్పాల్సిన మాట. ఇప్పుడు చెప్పాను.