మామ్మ ఇంట అన్నం తినకుండా వెళ్ళిన మనిషి

ఇరవై రెండేళ్ళుగా ఒక మాట నా గొంతులో ఉండిపోయింది. భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కనుక మీకు చెప్పగలుగుతున్నాను.

అద్దంకి దగ్గర మా ఊళ్ళో, మా పక్కింట్లో మామ్మ ఉండేది. నాకు చుట్టం కాదు. పిల్లల్లేరు, ఊరందరికీ మామ్మే. మిరప కోతలకు కనిగిరి వైపు నుంచి వచ్చే కూలీలు ఆమె వసారాలోనే దిగేవారు. కులం అడిగేది కాదు, మతం అడిగేది కాదు. “తిన్నావా?” అనేది, జవాబు వినకుండానే కంచం పెట్టేది. వాళ్ళలో మరియమ్మ ఆరేళ్ళు వరసగా వచ్చింది. ఆదివారం చర్చికి కట్టుకెళ్ళమని మామ్మ ఆమెకు తన చీర ఇచ్చేది.

మామ్మ రెండెకరాల మిరప నేను చూసేవాణ్ణి. డిగ్రీ చదివి సేద్యంలోకి వచ్చినవాణ్ణి. ఎండిన కాయ విరిగిపోకుండా, బస్తాలకెత్తే ముందు సాయంత్రం పైపైన నీళ్ళు చల్లుతారు. ఆ రోజు మరియమ్మ చల్లేసి వెళ్ళింది. తర్వాత నేను కళ్ళానికి వెళ్ళాను. పైకాయ తడిమితే పొడిగా అనిపించింది. ఒక్క మాట అడిగితే సరిపోయేది. ఎందుకు అడగలేదు? నాకు తెలిసిన పని గురించి కూలిమనిషిని అడగడమేమిటని కాదూ? బిందెలతో మళ్ళీ చల్లాను.

పది రోజులకు బస్తాలు విప్పితే లోపలంతా బూజు. మామ్మ ఏడాది పంట.

మధ్యాహ్నం వసారాలో అందరం అన్నాలకు కూర్చున్నాం.

“ఏరా, నీళ్ళెవరు చల్లారు?” అంది మామ్మ.

“మరియమ్మే మామ్మా. కుమ్మరించినట్టుంది.”

మరియమ్మ ముద్ద చేతిలోనే ఆగిపోయింది. “చెంబుతో చిలకరించానంతే మామ్మా. నా బిడ్డల మీద ఒట్టు.”

నేను పెరుగన్నం కలుపుకుంటున్నాను. తలెత్తలేదు.

“ఆరేళ్ళ నుంచి చేస్తన్నావు, ఆ మాత్రం తెలీకపోతే ఎట్టాగే?” అంది మామ్మ. వెంటనే గొంతు తగ్గించింది. “సర్లే, పోయిందేదో పోయింది. ముందు అన్నం తిను.”

మరియమ్మ తినలేదు. చెయ్యి కడుక్కుని మూట సర్దుకుంది. “తినిపోవే, తినిపోవే” అంటూ మామ్మ వీధి మలుపు దాకా వెనకే నడిచింది.

మరుసటేడు కోతలకు మరియమ్మ రాలేదు. మామ్మ నన్ను పిలిచి, “నువ్వెళ్ళి దాన్ని తీసుకురారా. ముసల్ది నోరు జారిందని చెప్పు” అంది. కనిగిరిలో బస్సు దిగాను. టీ తాగాను. ఆమె ఊరికి వెళ్ళే ఆటో ఎదురుగానే ఉంది. ఎక్కలేదు. తిరిగొచ్చి, వాళ్ళు ఊళ్ళో లేరని చెప్పాను. మామ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అన్నం తినే మనిషిని అనరాని మాట అన్నానే అని తనను తాను తిట్టుకుంది. నేను చూస్తూ నిలబడ్డాను.

మొదటి అబద్ధం ఊరు నవ్వుతుందన్న భయంతో ఆడాను. రెండోది? మామ్మ తానే తప్పు చేశాననుకుంటూ పోతుందని తెలిసి కూడా ఆడినదాన్ని భయమంటే సరిపోతుందా?

మూడేళ్ళకు మామ్మ పోయింది. మరియమ్మ ఉందో లేదో తెలియదు. తెలుసుకోవడం కష్టం కాదు, తెలుసుకోలేదు. క్షమించమని అడగను. అడగాల్సినవాళ్ళు మీరు కాదు.

ఆ నీళ్ళు కుమ్మరించింది నేను. ఇంతకాలం ఈ మాట రాయడానికి చెయ్యి రాలేదు. ఇప్పుడు రాశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.