నిప్పుకి సెలవిచ్చిన వదిన

నిప్పుల వదిన "చాలు" అంటే మంట టక్కున ఆరిపోతుంది. గాలీ అక్కర్లేదు, నీళ్ళూ అక్కర్లేదు. సూర్యుడు కూడా ఆవిడ గది మీదుగా వెళ్ళేటప్పుడు కాస్త వంగి వెళ్తాడు. నమ్మనివాళ్ళు ఆవిడ మరిదిని అడగొచ్చు. అది కళ్ళారా చూసిన రోజుతో అతని జుట్టు సగం తెల్లబడింది. మిగతా సగం అంతకుముందే ఊడిపోయింది కాబట్టి బతికిపోయింది.

నగలు చేసేవాళ్ళు ముగ్గురిదీ ఒకటే గది. వదిన బంగారం అతుకుతుంది, మరిది రాళ్ళు పొదుగుతాడు, కిటికీ పక్కన పిన్ని వెండితీగ మెలితిప్పి చెవిపోగులు చేస్తుంది. ఎవరి గిరాకీలు వాళ్ళవి, ఎవరి పేరు వాళ్ళది, గొడవలు మాత్రం ఉమ్మడి. గ్యాస్ సిలిండరూ ఉమ్మడే. దానికి రెండు కట్టుబాట్లు. చేతిలో మంట ఉన్నవాళ్ళతో ఎవరూ మాట్లాడకూడదు. ఉలిక్కిపడితే నగ పోతుంది. ఎవరి చేతిలో గ్యాస్ అయిపోతే వాళ్ళే ఆ బండని మూడంతస్తులూ దింపి, కొత్తది మోసుకురావాలి.

ఈ రెండోది పెట్టిన దగ్గర్నుంచీ తప్పించుకోవడం ఆ గదిలో ఒక విద్య అయిపోయింది. గ్యాస్ అడుగంటి మంట కొస కాస్త పసుపు తిరిగితే చాలు, ముగ్గురికీ ఎక్కడలేని ఆకురాయి పనీ గుర్తొచ్చేది. ఆ పొద్దున మరిదికీ అలాగే గుర్తొచ్చింది. మంట వణకడం చూసి, చప్పుడు కాకుండా గ్యాస్ టార్చి కట్టేసి, ఈలేసుకుంటూ అరగదీతకి కూర్చున్నాడు.

మధ్యాహ్నం బస్సు నడిపే ఆవిడొకరు వదిన కోసం వచ్చింది. రుమాలు విప్పితే తెగిన ఉంగరం, దానికో పచ్చ.

"అమ్మ వేలు వాచిందని ఆస్పత్రిలో ఉంగరం కోసేశారండీ. ఇప్పుడు వాపు తగ్గింది. అమ్మ నన్ను గుర్తుపట్టదు గానీ, రోజంతా ఆ వేలే తడుముకుంటుంది."

వదిన ఉంగరాన్ని మరిది ముందు పెట్టింది. "రాయి తియ్యగలవా?"

"తీస్తే మళ్ళీ కూర్చోదు వదినా. రాయిని పట్టుకున్న బంగారు గోళ్ళు నాలుగూ అరిగి ఉల్లిపొరలయ్యాయి."

"అయితే రాయి ఉండగానే అతకాలి."

"పచ్చ వదినా అది! వేడి తగిలితే చిట్లుతుంది. మా వంశంలో పచ్చని కాల్చి బతికినవాడు లేడు."

"మీ వంశంలో పని చేసి బతికినవాడే లేడు. తప్పుకో."

రాయి చుట్టూ తడి దూది చుట్టి, తెగినచోట ఇసుకరేణువంత టంకం పెట్టి, వదిన టార్చి వెలిగించింది. అప్పుడు గుర్తొచ్చింది మరిదికి, సిలిండరు సంగతి. నోరు తెరిచాడు. పిన్ని గుడ్లురిమింది. మూసేశాడు.

చెబితే ఆవిడ చెయ్యి అదురుతుంది. చెప్పకపోతే మంట సగంలో పోతుంది. అప్పటికి దూది ఎండిపోతుంది. కాలిన పచ్చ మీద మళ్ళీ తడి పెడితే పగులుతుంది, తడి లేకుండా రెండోసారి కాలిస్తే అప్పుడూ పగులుతుంది. పొద్దున రెండు మాటలకి బద్ధకించిన నోరు ఇప్పుడు వెయ్యి మాటలు మింగుతోంది. ఆకురాయిని ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే, అరచెయ్యే అరిగేట్టుంది.

మంట కొస పసుపు తిరిగింది. దూదిలోంచి లేచే ఆవిరి సన్నబడింది. టంకం మాత్రం అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా బిగుసుకునే కూర్చుంది. బస్సావిడ కుర్చీ అంచుకి జరిగింది. మంట ఒకసారి ముడుచుకుంది, మళ్ళీ లేచింది. వదిన రెప్ప వెయ్యలేదు. టార్చిని వెంట్రుకవాసి దగ్గరికి జరిపింది.

టంకం మెరిసింది. చీలికలోకి జారింది.

"చాలు," అంది వదిన. మంట ఆరిపోయింది.

బాగా చల్లారాక దూది విప్పితే పచ్చ పచ్చగానే ఉంది. అతుకు రుద్ది మెరుగుపెట్టి ఇస్తే, బస్సావిడ దాన్ని రుమాల్లో కట్టలేదు, గుప్పిట్లో బిగించుకుని మెట్లు దిగింది.

వదిన చాలంటే మంట ఆరిందనే వీధిలో ఇప్పటికీ అందరూ చెప్పుకుంటారు. మరిది కాదనడు, కాదంటే పొద్దున సంగతి బయటపెట్టాలి. ఆవిడనే అడిగితే మాత్రం పనిలోంచి తలెత్తకుండా చెబుతుంది:

"టంకం పారింది కాబట్టి చాలన్నాను. గ్యాస్ అయిపోయింది కాబట్టి ఆరింది. సిలిండరు మోసింది కూడా నేనే."