చూడకుండా చెప్పిన ‘లేదు’

“మీ సైటేమో లేదంది. మీ ఫ్రిజ్‌లో బ్యాగులున్నాయి! ఎవర్ని నమ్మమంటారు సార్?”

బ్లడ్ బ్యాంకు గుమ్మంలో లారీ డ్రైవరు అరుస్తున్నాడు. భార్యను ఆపరేషన్ బల్ల మీద వదిలి, పక్క ఊరికి పరుగెత్తి రక్తం తెచ్చుకున్న మనిషి. ఆవిడ గట్టెక్కింది గనక అరుపులతో సరిపెట్టాడు.

“మెషీనన్నాక ఒక్కోసారి...” అని నసిగాడు బావ. అక్కడి కంప్యూటర్లు చూసుకునేదీ, ఆ సైటు రాసిందీ ఆయనే.

“ఆ ఒక్కసారికే మనిషి పోతాడు!”

డ్రైవరు వెళ్లాక బ్లడ్ బ్యాంకు నడిపే డాక్టరమ్మ తేల్చేసింది. “సాయంత్రంలోగా సంగతి తేలకపోతే పేజీ తీసేయండి. అబద్ధం చెప్పే పేజీ కన్నా అసలు లేకపోవడమే నయం.”

కాలేజీకి ఎగనామం పెట్టి, బావ వెంట రోజూ ఇక్కడికొచ్చి కూర్చునే బామ్మర్దికి ఒకటే దురద: ఉన్నదాన్ని పేజీ లేదని ఎందుకంది? బావ మంచివాడే. కానీ ఇంట్లో ఆయన పేరు ‘లేదు బావ’. “ఏవండీ, అలమరలో అగ్గిపెట్టె ఉందేమో చూడండి” అని అక్క అడిగితే, కుర్చీలోంచి కదలకుండా “లేదు” అనేవాడు. అక్క వచ్చి, ఆయన ముక్కు ముందు నుంచే తీసుకుపోయేది.

“బావా, రక్తం లెక్కలుండే డేటాబేస్ అందకపోతే పేజీ ఏమంటుందో, దాన్ని ఆపేసి చూద్దామా?”

సైటు నకలు పెట్టుకుని మార్పులు సరిచూసుకునే తన కంప్యూటర్లో బావ దాన్ని ఆపాడు. బామ్మర్ది తన గ్రూపే కొట్టి నొక్కాడు. పేజీ తడుముకోకుండా చెప్పింది: ఈ గ్రూపు రక్తం లేదు.

“అదేంటి! గది తలుపే తెరుచుకోలేదు కదా, లోపల లేదని దానికెలా తెలిసింది?”

బావ ఆ పేజీని నడిపే స్క్రిప్టు తెరిచాడు. ఒకప్పుడు కనెక్షన్ తెగితే, డేటాబేస్ యూజర్ పేరుతో సహా గుట్టంతా ఊరందరికీ తెరమీద కనిపించేదట. ఎవరో నలుగురిలో పరువు తీశారు. దాంతో లోపాలేవీ బయటపడకుండా దాని నోరు నొక్కేశాడు. నోరైతే మూసుకుంది గాని స్క్రిప్టు ఆగలేదు. అందని జాబితాను ఖాళీ జాబితా అనుకుని చకచకా కిందికి నడిచింది. డ్రైవరు చూసినప్పుడూ ఇదే జరిగుండాలి.

“కోప్పడకు బావా, అచ్చం నీ పోలికే. లేవకుండానే లేదంటోంది.”

బావ కోప్పడలేదు. తెరవంకే చూస్తూ, “మీ అక్క అంటుంటే సరదాకనుకున్నాన్రా” అన్నాడు.

కనెక్షన్ దొరక్కపోతే అక్కడే ఆగిపోయేలా మార్చాడు. అసలు కారణం బావ ఒక్కడే చూసే లాగ్ ఫైలుకి పోతుంది. జనానికి మాత్రం, ‘ఇప్పుడు చూడలేకపోతున్నాం. రక్తం లేదని కాదు. ఫోన్ చేయండి’ అని వస్తుంది. డేటాబేస్ మళ్లీ ఆపించి, డాక్టరమ్మ తానే నొక్కి చూసింది.

“సరే, ఉండనివ్వండి. కింద ఫోన్ నంబరేది?”

బావ గడ్డం గోక్కుని బామ్మర్ది వైపు తిరిగాడు.

“ఒరేయ్, నీ నంబరు పెడతాను, కాదనకు. నేనెత్తానంటే అలవాటుకొద్దీ కూర్చున్నచోటే లేదనేస్తాను. నువ్వైతే లేచెళ్లి, ఫ్రిజ్ తెరిచి, చూసి చెప్పు.”